ఎక్కించని కార్డులు

ఆదివారం మధ్యాహ్నం ఆయన గోల్ఫ్ బూట్లు కడగడం నా పని. ఎవరూ అప్పజెప్పలేదు, ఎప్పుడో నా వాటాలోకి వచ్చి పడింది, అక్కడే ఉండిపోయింది. బూట్ల అడుగున రబ్బరు ముళ్ళుంటాయి. వాటి మధ్య గడ్డీ మట్టీ ఇరుక్కుని ఎండిపోతాయి. పాత టూత్‌బ్రష్‌తో ఒక్కో ముల్లు చుట్టూ తోమాలి. ఆ రోజు కూడా వెనక వరండాలో కుళాయి దగ్గర పీట వేసుకుని తోముతున్నాను. ఆయన స్నానం చేసి, తల తుడుచుకుంటూ వచ్చి, స్కోరు కార్డు తెచ్చి వాషింగ్ మెషీన్ మీద పెట్టారు.

"ఇది ఎక్కించకు," అన్నారు.

ఎంత కొట్టారని అడిగితే ఎనభై మూడు అన్నారు, జలుబు చేసిందని చెప్పినంత మామూలుగా.

గోల్ఫ్ తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెబుతాను. ఎంత తక్కువ షాట్లలో బంతిని గుంతలో వేస్తే అంత గొప్ప. ఆరితేరినవాడు పద్దెనిమిది గుంతలూ కలిపి డెబ్భై రెండు షాట్లలో ముగిస్తాడు. నాలాంటిది వంద దాటిస్తుంది. ఇద్దరూ ఒకే పోటీలో ఆడాలంటే ఎలా? అందుకని ఒక్కొక్కరికీ వాళ్ళ సత్తాని బట్టి ఇన్ని షాట్లని మినహాయింపు ఇస్తారు. దాని పేరే హ్యాండిక్యాప్. ఆయనది పందొమ్మిది. అంటే తొంభై ఒకటి కొట్టినా పందొమ్మిది తీసేసి డెబ్భై రెండని రాస్తారు. ఆ పందొమ్మిది ఎలా తేలుతుందంటే, ఆడిన ప్రతిసారీ ఎవరి కార్డు వాళ్ళు నిజాయితీగా క్లబ్ యాప్‌లోకి ఎక్కిస్తారన్న నమ్మకం మీద. మా ఇంట్లో ఎక్కించేది నేను. ఫోన్‌లో ఆ చిన్న చిన్న గళ్ళు నింపడం ఆయనకి రాదు.

తొంభై నాలుగు కొట్టిన కార్డు వస్తే "ఎక్కించు" అంటారు. ఎనభై మూడు కొట్టినది వస్తే "ఎక్కించకు" అంటారు. నాలుగేళ్ళ కిందట మొదటిసారి ఎందుకని అడిగాను. "నీకు తెలీదులే. ఇవాళ గాలి కలిసొచ్చింది. అది నా అసలు ఆట కాదు," అన్నారు. ఆ తర్వాత ఆయన బాగా ఆడిన ప్రతిసారీ గాలే ఆడింది. పాడుగా ఆడినప్పుడు మాత్రం ఆయన ఆడారు. అలా పందొమ్మిది పందొమ్మిదిగానే ఉండిపోయింది, ప్రతి ఏడాదీ వార్షిక కప్పు రోజున మాత్రం గాలి మళ్ళీ కలిసొచ్చేది. హాల్లో అద్దాల బీరువాలో మూడు కప్పులున్నాయి. వాటిని తుడవడం కూడా నా పనే.

అయితే ఆయన "ఎక్కించకు" అన్నారు గానీ ఏనాడూ "చింపెయ్" అనలేదు. అదే ఆయన చేసిన పొరపాటు. నేను ఆసుపత్రి ల్యాబ్‌లో సీనియర్ టెక్నీషియన్‌ని. పద్దెనిమిదేళ్ళుగా మైక్రోస్కోప్ కింద రక్తకణాలు లెక్కపెడుతున్నాను. మా దగ్గర ఒకసారి చూసిన స్లైడుని ఎవరూ పారెయ్యరు, తేదీ వేసి పెట్టెలో పెడతారు. రేపెవరో వచ్చి అడిగితే చూపించాలి. ఆ అలవాటుకొద్దీ ఎక్కించని కార్డుల వెనక తేదీ వేసి, ఖాళీ బూట్ల పెట్టెలో పడేస్తూ వచ్చాను. కుట్ర ఏమీ లేదు, చేతికి అలవాటు. నలభై ఒక్క కార్డులు. ప్రతి దాని మీదా ఆయన సంతకం, పక్కన తోటి ఆటగాడిగా, ఆయనతో ఎప్పుడూ ఆడే ఒక డెంటిస్టు సంతకం. అవి ఎక్కించకపోవడం తప్పని నాకు తెలియదా అంటే తెలుసు. ఇంట్లో తప్పని తెలిసీ చేసే పనులు చాలా ఉన్నాయి, వాటిలో ఇదొకటి అనుకున్నాను.

ఆ డెంటిస్టు ఆయనకి చిన్ననాటి స్నేహితుడు. చాలా మంచి ఆటగాడు, హ్యాండిక్యాప్ ఆరే. ఒకసారి మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు ఇద్దరికీ వాదన వచ్చింది. షాట్లు దానం తీసుకుని గెలిచేది గెలుపే కాదని, మినహాయింపులేవీ లేకుండా కొట్టిన మొత్తమే అసలు లెక్కని, మిగతాదంతా పిల్లలందరికీ తలా ఒక బహుమతి పంచినట్టని డెంటిస్టు అన్నాడు. ఆయన చేతిలో చెంచా కింద పెట్టేశారు.

"హ్యాండిక్యాప్ తీసేస్తే ఏటా ఆ నలుగురే గెలుస్తారు. మిగతా వందమందీ చప్పట్లు కొట్టడానికి రావాలా? మనిషి ఎక్కడినుంచి బయల్దేరాడో చూడకుండా ఎక్కడికి చేరాడో మాత్రం చూస్తే అదేం న్యాయం రా?"

నేను ఎంగిలి ప్లేట్లు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పెళ్ళయిన పదిహేనేళ్ళలో ఆయన నోటి నుంచి నేను విన్న గొప్ప మాట అది. ఎక్కడినుంచి బయల్దేరాను నేను? పొద్దున్నే ఐదింటికి లేచి, వంట చేసి, అత్తయ్య మోకాళ్ళకి వేడి కాపడం పెట్టి, పాపకి జడ వేసి బస్సెక్కించి, ఎనిమిదికల్లా ల్యాబ్‌లో ఉండేదాన్ని. అదే ల్యాబ్‌లో సూపర్‌వైజర్ పోస్టు నా జూనియర్‌కి ఇచ్చారు. స్లైడు ఏ వేళ్ళతో పట్టుకోవాలో ఆ అబ్బాయికి నేర్పింది నేను. మా పెద్ద డాక్టరు నన్ను పిలిచి, చాలా మర్యాదగా, "అతను ఎంతసేపైనా ఉంటాడమ్మా. మీరు ఐదున్నర కాగానే బ్యాగు సర్దుకుంటారు," అన్నారు. అతని ఇంట్లో ఐదున్నరకి బ్యాగు సర్దుకుని వచ్చే భార్య ఉందని, అందుకే అతను ఉండగలుగుతున్నాడని నాకు నోటిదాకా వచ్చింది. మింగేశాను. ల్యాబ్‌లో డెంటిస్టు న్యాయమే నడుస్తుంది, చేరిన చోటే లెక్క. అందుకే ఆయన మాట విని, ఇదిగో, అర్థం చేసుకునేవాడు నా ఇంట్లోనే ఉన్నాడని పిచ్చిదానిలా సంబరపడ్డాను. డెంటిస్టు వెళ్ళిపోయాక ఆయన వంటగది గుమ్మం దాకా వచ్చి, కూరలో ఉప్పు ఎక్కువైంది, వాడేమనుకున్నాడో అన్నారు.

ఇప్పుడు ఆ ఐదు రోజుల సంగతి చెప్పాలి. గత ఏడాది ల్యాబ్‌కి కొత్త మిషను వస్తే, దాని మీద శిక్షణకని నన్ను వేరే ఊరు పంపారు. వెళ్ళేముందు రెండు రోజులు నిలువుకాళ్ళ మీద వండాను. ఐదు రోజులకి సరిపడా డబ్బాల్లో సర్ది, మా శాంపిళ్ళకి అంటించినట్టే చీటీలు అంటించాను. సోమవారం మధ్యాహ్నం, సోమవారం రాత్రి, మంగళవారం మధ్యాహ్నం. ఆయనకి స్టవ్ వెలిగించడం రాదు. తువ్వాలు ఎక్కడుందో తెలియదు. వాషింగ్ మెషీన్ మీద ఏ బొత్తం నొక్కాలో పదిసార్లు చెప్పినా గుర్తుండదు. "వాడికి చేతకాదమ్మా, చిన్నప్పటినుంచీ అంతే," అని అత్తయ్య ఎంతో మురిపెంగా చెబుతారు. ఎప్పుడైనా ఒక గ్లాసు తీసుకెళ్ళి సింకులో పెడితే ఆవిడ, "పాపం, ఎంత సాయం చేస్తాడో," అంటారు. ఫోన్ చేసినప్పుడల్లా ఆయన నీరసంగా, ఏదో నెట్టుకొస్తున్నాం అనేవారు.

తిరిగొచ్చి ఫ్రిజ్ తెరిస్తే డబ్బాలన్నీ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. భయపడిపోయి, ఏం తిన్నారే ఇన్ని రోజులూ అని పాపని అడిగాను. పాపకి పదకొండేళ్ళు, అబద్ధం ఇంకా సరిగ్గా రాదు. నాన్న వండాడంది. రోజుకో రకం కూర చేశాడట. సూప్ అయితే నీకంటే బాగా చేశాడమ్మా అంది. బట్టలు ఉతికి మడతలు పెట్టాడట, నానమ్మకి కాపడం పెట్టాడట, తనకి జడ కూడా వేశాడట. దేనికీ ఎవర్నీ ఏమీ అడగలేదట.

"అమ్మకి చెప్పొద్దన్నాడమ్మా. చెప్తే రోజూ నాతోనే చేయిస్తుంది అన్నాడు," అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. చీటీలంటించిన డబ్బాలు ఒక్కొక్కటే తీసి, పాడైపోయిన కూరలు పారబోస్తూ నిలబడ్డాను. ఆయనకి రాకపోవడం కాదు. పదిహేనేళ్ళుగా బాగా ఆడిన కార్డులు ఎక్కించలేదు, అంతే. ఇంట్లో ఆయన హ్యాండిక్యాప్ అత్తయ్య చేతిలో ఉంది, ఆవిడ దాన్ని ఏనాడూ తగ్గించలేదు. గ్లాసు తెచ్చి సింకులో పెడితే కప్పు ఇచ్చేంత హ్యాండిక్యాప్. నాకు మాత్రం సున్నా. ఉప్పు కాస్త ఎక్కువైతే ఎక్కువైనట్టే. ఆ రోజు నేను ఆయన్ని ఏమీ అడగలేదు. అడిగితే నవ్వేసి, ఆ ఐదు రోజులూ గాలి కలిసొచ్చిందనేవారేమో.

నేను గోల్ఫ్ ఆడటం మొదలుపెట్టింది కూడా ఆయన కోసమే. క్లబ్‌లో దంపతుల పోటీ పెట్టారు, దానికి ఆయనకి జత కావాలి. రెండు ఆదివారాలు నేర్పించి, నీకు నడుము తిరగదు అని విసుక్కుని వదిలేశారు. ఆ దంపతుల పోటీలో మేము చివరినుంచి రెండో వాళ్ళం. కానీ నేను మానలేదు. బంతి బ్యాటు మధ్యలో సరిగ్గా తగిలినప్పుడు ఒక చిన్న చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు వచ్చిన క్షణంలో ఎవరి తువ్వాలూ నాకు గుర్తు రాదు. దాన్ని బ్యాటు అంటే ఆయనకి కోపం, క్లబ్ అనాలట. వారానికి రెండు రోజులు పొద్దున్నే నాలుగింటికి లేచి పనులు ముగించుకుని, ల్యాబ్‌కి వెళ్ళే దారిలో గంటసేపు కొట్టేదాన్ని. ఆడిన ప్రతి కార్డూ, మంచిదీ చెడ్డదీ, ఎక్కించాను. ఏడాదిన్నర తిరిగేసరికి నా హ్యాండిక్యాప్ ముప్పైనాలుగు. అది నా సొంత అంకె. జీవితంలో నా కష్టం ఇంత అని ఎవరైనా కచ్చితంగా లెక్కగట్టి చెప్పడం అదే మొదటిసారి.

ఈ ఏడాది వార్షిక కప్పుకి నేనూ పేరిచ్చాను. పదకొండో గుంత దగ్గర నా బంతి ఇసకలో పడింది. ఎత్తుగా ఉన్న ఇసక గట్టు వెనక నేనొక్కదాన్నే ఉన్నాను. కొడితే బంతి అంగుళం కూడా కదల్లేదు. ఎవరూ చూడలేదు. కణాలు లెక్కపెట్టేదాన్ని కదా, లెక్క తప్పడం నాకు చేతకాదు. దాన్నీ కలుపుకున్నాను. మొత్తం తొంభై ఎనిమిది, ముప్పైనాలుగు తీసేస్తే అరవై నాలుగు. ఆయన ఎనభై నాలుగు కొట్టారు, పందొమ్మిది తీసేస్తే అరవై ఐదు. ఒక్క షాట్ తేడాతో కప్పు నాకు వచ్చింది. క్లబ్ మేనేజరు మైకులో నా పేరు చదివినప్పుడు ఆయన లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అందరూ మా జంటని చూసి ముచ్చటపడ్డారు.

కారులో కూర్చున్నాక, "ముప్పైనాలుగు షాట్లు అప్పనంగా ఇస్తే ఎవరైనా గెలుస్తారు," అన్నారు.

మీకూ పందొమ్మిది ఇచ్చారు కదా అన్నాను.

"నాది వేరు. ఆ పందొమ్మిది నేను ఆడి సంపాదించుకున్నది," అన్నారు.

ఇంటికి వెళ్ళాక అత్తయ్య కప్పుని అటూ ఇటూ తిప్పి చూసి, వాడి కప్పు నువ్వు తెచ్చుకున్నావేమిటమ్మా అన్నారు. ఆ మాటలో కోపం కూడా లేదు, నిజంగానే ఆశ్చర్యపోయారు. బీరువాలో చోటు లేదని కప్పుని ఫ్రిజ్ మీద పెట్టారు. ఆ రాత్రి పడుకుని చాలాసేపు ఆలోచించాను. డెంటిస్టు చెప్పినట్టు నా గెలుపు ఉత్తదేనా? నా కంటే బాగా ఆడినవాళ్ళు ఆ రోజు యాభైమంది ఉన్నారు, అది నిజం. కానీ నేను బయల్దేరిన చోటు నుంచి ఆ తొంభై ఎనిమిది దాకా నడిచింది నేనే, ప్రతి అడుగూ కార్డుల్లో ఉంది. హ్యాండిక్యాప్ దానం కాదు, ఒక మాట. మాట ఇచ్చినవాళ్ళంతా నిలబెట్టుకుంటే దానికి విలువ ఉంటుంది. ఒక్కడు మంచి కార్డు దాచినా నాతో సహా అందరి గెలుపూ ఉత్తదే అవుతుంది. ఆ కార్డులు ఎక్కించకుండా దాచిన చెయ్యి ఎవరిదో కూడా గుర్తొచ్చింది. నా మీద నాకే రోత పుట్టింది.

ఆ మరుసటి ఆదివారమే ఆయన ఎనభై మూడు కొట్టి, కార్డు తెచ్చి వాషింగ్ మెషీన్ మీద పెట్టింది. నలభై ఒకటోది. మధ్యాహ్నం భోజనాలయ్యాక, నేను బట్టలు మడతలు పెడుతుంటే వచ్చి సోఫాలో కూర్చున్నారు. క్లబ్ కమిటీకి ఒక ప్రతిపాదన పెట్టాలి, నేను చెబుతాను, నువ్వు టైపు చెయ్యి అన్నారు. టైపు చెయ్యడం కూడా ఆయనకి రాదు. దుప్పటి సగం మడతలో వదిలేసి లాప్‌టాప్ తెచ్చుకున్నాను.

"మితిమీరిన హ్యాండిక్యాప్ ఉన్నవారు గెలవడం వల్ల వార్షిక కప్పు అర్థం కోల్పోతోంది. కాబట్టి ఇరవై నాలుగు దాటినవారిని ఇకపై ఈ పోటీకి అనుమతించరాదు," అని చెప్పారు.

నా వేళ్ళు ఆగిపోయాయి. క్లబ్‌లో ఆడేవాళ్ళలో ఆడవాళ్ళం తొమ్మిదిమందిమి. అందులో ఎనిమిదిమందికి ఇరవై నాలుగు దాటింది. ఆ చిన్న చప్పుడు, ఆ సొంత అంకె, ఏడాదికి ఒక్కసారి అందరితోపాటు ఒకే స్కోరు పలక మీద పేరు రాయించుకునే హక్కు, అన్నీ ఆ ఒక్క వాక్యంతో పోతాయి. ఇది నా గురించేనా అని అడిగాను.

"ప్రతిదీ నీ గురించే అనుకుంటావేం? ఇది సూత్రం. హ్యాండిక్యాప్ అనేది నిజంగా ఉండాలి, లేకపోతే ఆటకి విలువ లేదు. రాయి."

రాశాను. ఒక్క అక్షరం మార్చలేదు. ఆయన చదవకుండానే పంపెయ్యమన్నారు, పంపేశాను. తర్వాత వెనక వరండాలోకి వెళ్ళి బూట్ల పెట్టె తీసి దుమ్ము దులిపాను. ఆయన చెప్పిన సూత్రం నాకు నిజంగానే నచ్చింది.

మంగళవారం భోజన విరామంలో ల్యాబ్ కోటు విప్పకుండానే క్లబ్ ఆఫీసుకి వెళ్ళాను. మేనేజరు నెమ్మదైన మనిషి, రిటైర్‌మెంటుకి దగ్గరపడ్డవాడు. పెట్టె అతని బల్ల మీద పెట్టి సంగతి చెప్పాను. కార్డులు ఒక్కొక్కటే తీసి, వెనక తేదీలు చూసి, కంప్యూటర్‌లో వెతికి, చివరికి కళ్ళజోడు తీసేశాడు. ఇవన్నీ కలిపితే మీ వారిది పదకొండుకి వస్తుంది మేడమ్ అన్నాడు. గొంతు తగ్గించి, ఇన్నాళ్ళూ ఆయన కార్డులు ఫోన్‌లోంచి ఎక్కించింది ఎవరని కమిటీవాళ్ళు అడుగుతారు అన్నాడు. నేనే అన్నాను.

"అయితే దీంట్లో మీ పేరు కూడా వస్తుంది మేడమ్. ఆలోచించుకోండి. ఈ పెట్టె నేను చూడలేదనుకుంటాను."

"రానివ్వండి," అన్నాను. "ఏదో ఒకదాంట్లో నా పేరు కూడా రావాలి కదా."

ఆ సాయంత్రమే ఇంట్లో చెప్పేశాను. చాటుగా చేసిన పని అని ఆయన అనకూడదు. ఆయన కాసేపు నమ్మలేదు. తర్వాత నలుగురిలో పరువు తీశావన్నారు, అందరూ చేసేదే అన్నారు, ఒక్క కప్పు వచ్చేసరికి కళ్ళు నెత్తికెక్కాయన్నారు. కట్టుకున్నవాడి మీద ఎవరైనా ఫిర్యాదు చేస్తారా అని అత్తయ్య కళ్ళు ఒత్తుకున్నారు.

"ఫిర్యాదు కాదత్తయ్యా," అన్నాను. "ఆయన చెప్పుకునేదానికంటే చాలా బాగా ఆడతారని రాసిచ్చాను."

శనివారం కమిటీ కూర్చుంది. ఆయన హ్యాండిక్యాప్ పదకొండు చేశారు, మూడు కప్పులు తిరిగివ్వమన్నారు. ప్రతిపాదన చర్చకి కూడా రాలేదు, పెట్టిందెవరో చూసి పక్కన పడేశారు. మిగతా ఎనిమిదిమంది ఆడవాళ్ళకీ వచ్చే ఏడాది పోటీ ఉంటుంది. నాకుండదు. మంచి కార్డులు దాచి మిగతావే ఎక్కించినందుకు ఆయనతోపాటు నన్నూ ఏడాదిపాటు పోటీలకి దూరం పెట్టారు, నా కప్పు కూడా వెనక్కి తీసుకున్నారు. ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఇసకలో ఎవరూ చూడని ఆ షాట్ సంగతి కమిటీకి తెలియదు, తెలిసినా శిక్ష తగ్గదు. తగ్గకూడదు కూడా. కానీ పోటీలకే దూరం, ఆటకి కాదు. మామూలు రోజుల్లో నా కార్డు నేను ఎక్కించుకోవచ్చు.

మర్నాడు ఆదివారం. మామూలుగా ఆయన క్లబ్‌కి వెళ్ళే వేళకి పేపరు అడ్డం పెట్టుకుని సోఫాలో కూర్చున్నారు. నేను వరండాలో నా బూట్లు వేసుకుంటున్నాను. కిందటివారం మట్టి ఇంకా ముళ్ళ మధ్య అలాగే ఉంది, నా బూట్లు ఎప్పుడూ ఎవరూ కడగలేదు. ఆయన బూట్లు పక్కనే ఉన్నాయి, టూత్‌బ్రష్ వాటిలో పెట్టాను. వాడికి టీ అయినా పెట్టి వెళ్ళమ్మా అని అత్తయ్య లోపలినుంచి అడిగారు. ఆలస్యమవుతోందన్నాను. పేపరు మడిచిన చప్పుడైంది. వంటగదిలో గిన్నెలు అటూ ఇటూ జరిగాయి, అలమరా తలుపు తెరుచుకుని మూసుకుంది.

"చక్కెర డబ్బా ఎక్కడుంది?" అని ఆయన కేకేశారు, పాపం, చేతకానివాడి గొంతుతో.

నేను బ్యాగు భుజానికి తగిలించుకుని గేటు తీశాను.

"ఆ ఐదు రోజులూ ఎక్కడుందో అక్కడే ఉంది."